పాయింట్స్‌మన్ మాస్టారు ఇక లేరు

మోడరేటర్
మిత్రులారా, ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మన బొమ్మ రైళ్ళ ఫోరమ్‌లో పాయింట్స్‌మన్ పేరుతో రాసే మాస్టారు మొన్న రాత్రి నిద్రలోనే పోయారు. ఇవాళ పొద్దున వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి చెప్పారు. అసలు పేరు, ఊరు ఇక్కడ పెట్టొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు. మనకెవరికీ ఇన్నేళ్ళలో ఆ పేరుతో పని పడింది కూడా లేదు.

ఆయన చివరి జవాబు ఆదివారంది. ఎవరో పట్టా ముక్కల్ని కలిపే జాయినర్లు వదులైపోతున్నాయని అడిగితే, వాటిని నమ్ముకోవద్దు, ప్రతి పట్టా ముక్కకీ విడిగా కరెంటు తీగ సోల్డర్ చేసుకోమని నాలుగు పేరాలు రాశారు. చివర్లో "రేపు ఫొటో పెడతాను" అని ఉంది.

రాత్రిగూడ్సు
అయ్యో. శుక్రవారం రాత్రి కూడా నాతో మాట్లాడారండీ. నమ్మబుద్ధి కావడం లేదు.

ఫ్లెక్స్‌ట్రాక్
ఆయన ఆత్మకు శాంతి కలగాలి. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. తర్వాత వస్తాను.

ఆవిరిపిచ్చి
నేను మొదటిసారి వీడియో పెట్టినప్పుడు బాగుంది, సూపర్ అని అందరూ మెచ్చుకున్నారు. ఈయన ఒక్కరే "బాబూ, నీ బొగ్గు బండి గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోందో లెక్కేశావా?" అని అడిగారు. బొమ్మ రైలుకి వేగం లెక్కేమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా ఊరుకోలేక లెక్క వేశాను. నాది హెచ్‌ఓ సైజు, అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు. బండి మీటరు దూరం సెకనులో దాటేస్తోంది. దాన్ని 87తో గుణిస్తే సెకనుకు 87 మీటర్లు, గంటకు 313 కిలోమీటర్లు. బొగ్గు వ్యాగన్లు!

ఆ రాత్రే ఆయన మెసేజ్ పెట్టారు. "పట్టాల పక్కన మీటరు దూరంలో రెండు అగ్గిపుల్లలు పెట్టు. ఇంజిన్ మొదటిది దాటగానే సున్నా నుంచి సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టు. గూడ్సు అయితే రెండోదాని దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది అవ్వాలి." 1:87లో ఎనిమిది సెకన్లంటే అసలు రైలుకు గంటకు 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా తొందరపడితే "ఎనిమిది లెక్కపెట్టు" అంటాం. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మా పిల్లలకు తెలియదు.

గార్డుడబ్బా
"ఎనిమిది లెక్కపెట్టు" మీకూ చెప్పారా! నాకే చెప్పారనుకుని ఇన్నాళ్ళూ గర్వపడుతున్నాను.

నాలుగుమిల్లీమీటర్లు
నేను ఆయనతో మూడు వారాలు దెబ్బలాడాను. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చనిపోయిన మనిషి గురించి మంచే రాయాలంటారు. ఆయనకైతే నిజమే నచ్చేది, అందుకే రాస్తున్నా.

గొడవ ఓఓ అనే బ్రిటిష్ బొమ్మ రైళ్ళ సైజు గురించి. హెచ్‌ఓ అంటే "ఓ" అనే పెద్ద సైజులో సగం. అసలు రైలులో అడుగుకు బొమ్మలో మూడున్నర మిల్లీమీటర్లు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్, యూరప్‌లలో మామూలుగా అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు కాబట్టి 87తో భాగిస్తే సరిగ్గా సరిపోతుంది. బ్రిటిష్ ఇంజిన్లు అసలుకే చిన్నవి. అప్పటి మోటార్లు వాటి బొమ్మల్లో పట్టలేదు. దాంతో పైభాగాన్ని అడుగుకు నాలుగు మిల్లీమీటర్లకు పెంచి, కింద పట్టాలు మాత్రం అవే 16.5 ఉంచేశారు. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. కాబట్టి ఓఓలో ప్రతి ఇంజినూ పొట్టి నిక్కరు వేసుకున్న పెద్దమనిషే అని నా వాదన. నేను నా పట్టాలన్నీ 18.83కి చేత్తో వేసుకున్నవాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండేది.

ఆయన ఒక్కసారి కూడా లెక్క తప్పని అనలేదు. "లెక్క నీదే. బండి నాది నడుస్తోంది, నీది ఎప్పుడు నడుస్తుంది?" అన్నారు. నిజానికి నా లేఅవుట్ మీద, అంటే ఇంట్లో పరుచుకున్న పట్టాల మీద, అప్పటికి ఆరేళ్ళుగా ఒక్క బండీ తిరగలేదు. నేను కోపంతో వారం రోజులు ఇటు రాలేదు. ఎనిమిదో రోజున ఇంటికి పార్సిల్ వచ్చింది. 18.83కి ఇత్తడి ముక్కతో ఆయన చేతులతో కోసిన, పట్టాల మధ్య దూరం చూసే గేజ్ కొలబద్ద. చీటీ లేదు. ఆ కొలబద్దతోనే మొదటి లూప్ పూర్తి చేశాను. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను.

చిన్నరైలు
నేను పదో తరగతి. మాస్టారు తాతగారు నా ఎన్ స్కేల్ ఇంజిన్ (హెచ్‌ఓ కంటే చిన్న సైజు) రెండుసార్లు బాగుచేసి పంపారు. మొదటిసారి డబ్బాలో చీటీ ఉంది. "ఇందులో లోపం ఏమీ లేదు. నూనె ఎక్కువైంది. నూనె ఎవరు పోశారో నేను అడగను." రెండోసారి కూడా నూనే. అప్పుడు చీటీలో "ఈసారి అడుగుతున్నాను" అని రాశారు. దాంతోపాటు ఇంజెక్షన్ సూది ముక్క కూడా పంపారు, మొన మొద్దుగా అరగదీసి. దాని చివర నిలబడేంత చుక్క చాలట. ఇప్పుడు ఇంజిన్ బాగానే తిరుగుతోంది. ఆయనకి వీడియో పంపిద్దామని అనుకున్నా, పరీక్షలయ్యాక.

బల్లకిందరైలు
ఆయన మాస్టారు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. లెక్కల గుమాస్తాగా పనిచేసి రిటైర్ అయ్యారు. మాస్టారు అని మొదట పిలిచింది నేనే. ఎందుకు పిలిచానో చెప్తాను.

రైలు వెళ్ళి గుండ్రంగా తిరిగి అదే దారిలో వెనక్కి రావాలని నేను బెలూన్ లూప్ వేశాను. చివరి పట్టా కలపగానే షార్ట్ సర్క్యూట్. నాలుగు రోజులు అన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. తప్పెక్కడో తెలియదు. పుస్తకాల్లో ఉన్న బొమ్మలు చూస్తే ఇంకా గందరగోళం. ఈయన అన్నారు కదా, "బొమ్మలు మూసెయ్. ఒక ఎర్ర దారం, ఒక నల్ల దారం తెచ్చుకో. ఎడం పట్టా పక్కన ఎర్రది, కుడి పట్టా పక్కన నల్లది పరుస్తూ లూప్ అంతా తిరిగి రా. మొదలెట్టిన చోటికి వచ్చాక ఏది దేనికి తగులుతోందో నాకు చెప్పు." ఎర్రదారం వెళ్ళి వెళ్ళి నల్లదాని నెత్తిన పడింది. తప్పు నా పనిలో లేదు, ఆ ఆకారంలోనే ఉంది. లూప్‌ని రెండువైపులా కోసి, ఆ భాగానికి విడిగా కరెంటు ఇచ్చి, రైలు లోపల ఉండగా బయటి పట్టాలకి దిశ మార్చాలి. ఇంత సంగతీ నాకు దారం చెప్పింది. ఆయన చెప్పలేదు. మాస్టారు అనక ఏమనాలి?

సెమాఫోర్
నాకు ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నా ఇంజిన్ ఒకటి ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. నెల కిందట పంపాను. ఆగి ఆగి నడుస్తోంది, మోటారులో కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయేమో అన్నారు. అది మా నాన్న కొనిచ్చింది. దయచేసి ఎవరూ ఈ సంగతి వాళ్ళింట్లో ఎత్తొద్దు. పోతే పోనివ్వండి. చెప్పుకోవడానికి ఇంకెక్కడా చోటు లేక ఇక్కడ చెప్పాను.

ఎక్స్‌ప్రెస్99
అందరికీ నమస్కారం. సారు పోవడం బాధాకరం. ఆయన దగ్గర పాత జర్మన్ ఇంజిన్లు చాలా ఉన్నాయని విన్నాను. కుటుంబం అమ్మే ఆలోచనలో ఉంటే మొత్తం ఒకేసారి తీసుకోవడానికి నేను సిద్ధం. మంచి రేటు ఇస్తాను.

రాత్రిగూడ్సు
మూడో రోజు కూడా కాలేదయ్యా.

మోడరేటర్
ఎక్స్‌ప్రెస్99 గారూ, మీ మెసేజ్ తీసేయడం లేదు, అందరూ చూడాలనే ఉంచుతున్నాను. ఇలాంటివి ఇంకొకటి వస్తే మాత్రం తీసేస్తాను.

గార్డుడబ్బా
తిట్టడం సులభమే కానీ, ఈ ప్రశ్న వాళ్ళింటికి ఎలాగూ వస్తుంది. ఇలాంటి సేకరణ ఉన్న ప్రతి ఇంటికీ వస్తుంది. అమ్మాయిగారు ఎప్పుడైనా చదివితే పనికొస్తుందని రాస్తున్నా.

ఏడాది దాకా ఏదీ అమ్మకండి. ఏ ఇంజిన్ ఏ డబ్బాలోదో చెదరనివ్వకండి. డబ్బా లేని ఇంజిన్‌కీ డబ్బా ఉన్నదానికీ విలువలో చాలా తేడా ఉంటుంది. సర్దేటప్పుడు నురుగు స్పాంజిలో చుట్టొద్దు. కొన్నేళ్ళకు అది జిగురుగా మారి పెయింటుకు అంటుకుపోతుంది. పల్చటి తెల్ల టిష్యూ కాగితం చాలు. "మొత్తం ఒకేసారి" అనేవాళ్ళతో జాగ్రత్త. ముందు ప్రతిదానికీ ఫొటో తీసి పెట్టుకోండి.

లేఅవుట్ సంగతి వేరు. అది దాదాపుగా ఎప్పుడూ ఎవరింటికీ వెళ్ళదు. గోడల కొలతలకు కట్టినది కదా, విప్పితే ముక్కలే. నా కూతురికి కూడా ఇదంతా కాగితం మీద రాసిపెట్టాలని ఇవాళే అనిపించింది.

ఫ్లెక్స్‌ట్రాక్
ఆగండి. మాస్టారి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. మీకూ కనిపిస్తోందా?

ఆవిరిపిచ్చి
కనిపిస్తోంది. గుండె ఝల్లుమంది.

పాయింట్స్‌మన్
నమస్కారమండీ. భయపెట్టినందుకు క్షమించండి. నేను వాళ్ళ అమ్మాయిని. నాన్న కంప్యూటర్ తెరిస్తే ఈ పేజీ తెరిచే ఉంది. మీరు రాసినవన్నీ చదివాను, కొన్ని అమ్మకి చదివి వినిపించాను. నూనె చీటీల దగ్గర అమ్మ నవ్వింది. ఈ నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

మీకు ఇబ్బంది లేకపోతే ఒకటి అడగాలి. నాన్న చివరిగా నడిపిన రైలు లేఅవుట్ మీది బొమ్మ కొండ కింద ఎక్కడో ఆగి ఉంది. మా చిన్నవాడు అది బయటికి రావాలని పట్టుబట్టాడు. నాకూ దాన్ని అక్కడ చీకట్లో వదిలేయాలని లేదు. చెయ్యి పెడితే కొండ విరుగుతుందేమోనని భయం. కంట్రోలర్ ఆన్ చేశాను, ఏమీ కదల్లేదు. పక్కన పదకొండు స్విచ్చులున్నాయి. వాటి మీద నాన్న ఏవో పేర్లు రాశారు. రాజమార్గం, పెరటిదారి, పాలకేంద్రం, అత్తారిల్లు 1, 2, 3. నాకేమీ అర్థం కావడం లేదు.

బల్లకిందరైలు
అమ్మా, నమస్తే. ఆ పేర్లు నాకు తెలుసు. కొండ కింద దాచిన లైన్లను ఆయన అత్తారిల్లు అనేవారు. అక్కడికి వెళ్ళిన బండి ఓ పట్టాన తిరిగి రాదని. మీ లేఅవుట్ పాత పద్ధతిది, చిప్పులూ అవీ ఉండవు. స్విచ్ ఏ లైనుకి వేస్తే ఆ లైనులో బండి కదులుతుంది. ఫోన్ టార్చి వేసి కొండ పక్కనుంచి వంగి చూడండి. బండి ఎన్నో లైనులో ఉంది?

పాయింట్స్‌మన్
గోడ వైపు నుంచి మొదటిది. అంటే మూడా, ఒకటా? రెండూ వేసి చూశాను. కదల్లేదు.

ఆవిరిపిచ్చి
నాబ్ ఎంతవరకు తిప్పారు? ఫుల్‌గా మాత్రం తిప్పొద్దు అక్కా. అంటుకుపోయింది ఒక్కసారిగా విడిపడితే చీకట్లో వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. సగంలోపే ఉంచండి.

రాత్రిగూడ్సు
ముందు మల్టీమీటర్, వోల్టులు కొలిచేది. ఆయనుంటే మొదటి ప్రశ్న అదే.

పాయింట్స్‌మన్
సొరుగులో దొరికింది. దాని మీద "ముందు నన్ను అడుగు" అని చీటీ అంటించి ఉంది.

రాత్రిగూడ్సు
ఏడిపించారు మాస్టారు. సరే అమ్మా, దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రెండు సూదులూ రెండు పట్టాలకీ ఆనించి, ముందు బయటి లైను మీద, తర్వాత బండి ఉన్న లైను మీద ఎంత వస్తోందో చెప్పండి.

పాయింట్స్‌మన్
బయట 5.8. కొండ కింద సున్నా. అత్తారిల్లు 3 స్విచ్ వేసే ఉంది.

నాలుగుమిల్లీమీటర్లు
పాయింట్, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళే చోటు. ఆయన వాడినవి దారి ఎటు ఉంటే అటే కరెంటు పంపే రకం. స్విచ్ వేసినంత మాత్రాన చాలదు, పాయింట్ కూడా మూడో లైనుకే తిరిగి ఉండాలి. స్విచ్చుల వరసకి కింద నొక్కుడు బటన్లు ఉంటాయి చూడండి. మూడోదాన్ని ఒక్కసారి నొక్కి వదిలేయండి. టక్‌మని వినిపించాలి.

ఫ్లెక్స్‌ట్రాక్
పట్టి ఉంచకండి, పాయింట్‌ని తిప్పే కాయిల్ కాలుతుంది!

నాలుగుమిల్లీమీటర్లు
ఆయన కెపాసిటర్ యూనిట్ పెట్టారు. నొక్కినప్పుడు ఒక్క దెబ్బ ఇచ్చి ఖాళీ అయిపోతుంది, పట్టి ఉంచినా ఏమీ కాదు. అయినా వదిలేయడమే మంచిది.

పాయింట్స్‌మన్
టక్‌మంది! ఇప్పుడు మూడో లైనులో కూడా 5.8 వస్తోంది. బండి సన్నగా గుయ్‌మంటోంది కానీ కదలడం లేదు.

గార్డుడబ్బా
గుయ్‌మంటోందంటే ప్రాణం ఉంది. కొద్ది రోజులు కదలకుండా ఉంటే చక్రాల కింద మురికి పేరుకుంటుంది, గ్రీజు గట్టిపడుతుంది. పొడుగాటి పుల్ల ఏదైనా తీసుకుని ఇంజిన్‌ని వెనకనుంచి మెల్లగా, గోరుతో తోసినట్టు తోయండి. తర్వాత చేతికి అందినంత మేర పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం మాత్రం వాడొద్దు. గీతలు పడితే వాటిలో మురికి ఇంకా చేరుతుంది.

పాయింట్స్‌మన్
కదిలింది. కదిలిందండీ. చిన్నవాడు అరుస్తున్నాడు. ఇరవై నిమిషాలు ఆగి వస్తాను.

చిన్నరైలు
🙏

ఫ్లెక్స్‌ట్రాక్
నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండి ఇది చదువుతున్నాను. పక్కాయన "ఏమైంది, అంతా ఓకేనా?" అని అడిగాడు. ఏమని చెప్పను.

పాయింట్స్‌మన్
బయటికి వచ్చింది. ముందు నల్ల ఇంజిన్, వెనక ఆరు గోధుమరంగు వ్యాగన్లు. నాన్న బల్ల మీద ఒక ఖాళీ డబ్బా ఉంది, ఈ ఇంజిన్ బొమ్మే దాని మీద కూడా ఉంది. లోపల చీటీ ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"సెమాఫోర్. బ్రష్షులు మార్చాను. ముందుకు అరగంట అయింది. వెనక్కి అరగంట బాకీ."

ఇది ఎవరో ఇక్కడే రాశారు కదా, వాళ్ళ నాన్నగారు కొనిచ్చారని. బాకీ అంటే ఏమిటండీ?

సెమాఫోర్
నాదేనమ్మా.

గార్డుడబ్బా
ఆయన్ని కాసేపు తేరుకోనివ్వండి, నేను చెప్తాను. కొత్త బ్రష్షులు వేశాక ఇంజిన్‌ని ముందుకు అరగంట, వెనక్కి అరగంట ఆగకుండా నడపాలి. బ్రష్షుల కొసలు లోపల తిరిగే రాగి భాగానికి సరిగ్గా అమరడానికి, నూనె అంతటా పాకడానికి. చాలామంది ఐదు నిమిషాలు నడిపి పంపేస్తారు. మీ నాన్నగారు గంట పూర్తికాకుండా ఏ ఇంజినూ వెనక్కి పంపలేదు.

పాయింట్స్‌మన్
అయితే మిగతా అరగంట నేను నడిపి పంపనా? సెమాఫోర్ గారూ, మీకు అభ్యంతరం లేకపోతేనే.

సెమాఫోర్
మీరు నడపండమ్మా. నాకు తొందరేమీ లేదు. వ్యాగన్లు విప్పేసి ఇంజిన్ ఒక్కదాన్నే నడపండి, వెనక్కి తోస్తే మలుపుల్లో పట్టా తప్పుతాయి.

పాయింట్స్‌మన్
విప్పేశాను. వెనక్కి మొదలుపెట్టాం. పైన అగ్గిపుల్లల గురించి రాసింది చదివాను. మీటరు కొలిచి రెండు పెట్టాం. చిన్నవాడు లెక్కపెడుతున్నాడు. ఐదుకే వచ్చేస్తోంది.

ఆవిరిపిచ్చి
నాబ్ ఒక్క గీత తగ్గించండి అక్కా.

పాయింట్స్‌మన్
ఏడు.

ఆవిరిపిచ్చి
ఇంకొక్క వెంట్రుకవాసి.

పాయింట్స్‌మన్
ఎనిమిది. ఇంకా ఇరవై ఆరు నిమిషాలు ఉంది. అమ్మ కూడా కుర్చీ తెచ్చుకుని కూర్చుంది.